దేవుడి కిరీటానికి తలకొలత

ఫ్రమారిక్ ప్రభువు తోలుసంచీ విప్పి బల్ల మీద కుమ్మరించేసరికి కంసాలి సెవెరాకి నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

అరచేయంత బంగారు గద్దలు నాలుగు పడ్డాయి. వాటితోపాటు నడికట్టు బిళ్లలు ఆరు, తెగిన గొలుసులు, వంగిన కడియాలు. దేశాన్నేలే గోతు దొరల ఇళ్లలో ఆడవాళ్లు ఒకప్పుడు భుజాన పైబట్ట నిలవడానికి గుచ్చుకునేవాళ్లు అలాంటి గద్దల్ని. ఇప్పుడు తొలేదో నగరంలో ముసలి దాదులు కూడా వాటిని పెట్టుకోవడం లేదు.

"గద్దలేనా ఇవి?" పక్కనే సానరాయి దగ్గర కూర్చున్న తమ్ముడు నెబ్రిదో గొణిగాడు. "గుడ్లు పొదిగే కోళ్లలా ఉన్నాయక్కా."

"నోరు ముయ్యరా," అంది సెవెరా. కానీ తమ్ముడు చెప్పింది నిజమే.

ఆమె ఒక గద్దని వెలుతురుకి ఎత్తి పట్టింది. రెక్కల నిండా చిన్న చిన్న బంగారు గళ్లు, గళ్లలో ఎర్రరాళ్లు. రాయి కింద గీతలు కొట్టిన పల్చటి బంగారు రేకు పెడితే వెలుగు లోపలికి వెళ్లి రెట్టింపై తిరిగొస్తుంది. అది రాయైతేనే. సూదిమొనతో నాలుగుచోట్ల గీసి చూసింది.

"దొరా, ఇందులో సగం గాజుముక్కలు."

"అబద్ధం. మా తాత మా నాయనమ్మకి పెళ్లిలో పెట్టిన నగ అది."

"అయితే ఆ సంగతి మీ తాతగారికి తెలిసే ఉంటుంది లెండి."

ఫ్రమారిక్‌కి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం తెచ్చుకుందామా వద్దా అని ఆలోచించి, పెద్ద పని మీద వచ్చాను కదా అని మానుకున్నాడు. అతను ఉత్తరాన ఒక రాష్ట్రానికి అధిపతి. ఆరడుగుల మనిషి. నడుం దాకా పసుపుపచ్చటి జుట్టు. రోజూ పొద్దున్నే ఇద్దరు బానిస ఆడవాళ్లు ఆ జుట్టుకి వెన్న రాసి దువ్వుతారని ఊరంతా చెప్పుకుంటుంది. చెప్పుకోవాల్సిన పని లేదు, అతను సందు మొదట్లో గుర్రం దిగగానే వాసనే కొట్లోవాళ్లకి చెబుతుంది. ఆ మనిషికి తలలో ఉన్నదానికంటే తల మీద ఉన్నదే ఎక్కువ అని సెవెరా పదేళ్ల కిందటే తేల్చుకుంది.

"ఇదంతా కరిగించి ఒక కిరీటం చెయ్యి," అన్నాడు. "చర్చికి మొక్కుకున్నాను. బలిపీఠం పైన వేలాడదీయాలి."

అందులో వింతేమీ లేదు. తొలేదోలో పాపం చేసిన ప్రతి దొరా ఏదో ఒకరోజు బలిపీఠం పైన కిరీటం కట్టించేవాడే. గొలుసులు, గొలుసులకి కిరీటం, కిరీటం అంచుకి ముత్యాలు. అది ఏ మనిషి నెత్తికీ ఎక్కదు. కింద నుంచి చూసేవాళ్లకి నిండుగా కనబడితే చాలు.

అప్పుడు ఫ్రమారిక్ నడుములోంచి ఒక తోలుపట్టీ తీసి బల్ల మీద పడేశాడు. పట్టీకి ఒకచోట ముడి వేసి ఉంది.

"లోపలి చుట్టు ఇంతే ఉండాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు. బిగుతుగా ఉండాలి, గుర్రం మీద..." అని నాలుక కరుచుకున్నాడు.

సెవెరా పట్టీ వైపు చూసింది. ఈస్టరు పండగ నుంచీ రాజు మంచం మీద ఉన్నాడు. కొడుకుల్లేరు. దేవుడికిచ్చే కిరీటానికి ముడివేసిన కొలత వచ్చింది. మూడూ కలిపి చూసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. తెలివి ఉన్నవాళ్లు పైకి అనకుండా ఉంటారు, అంతే.

నెబ్రిదోకి ఆ తెలివి లేదు.

"వేలాడే కిరీటానికి తలకొలత ఎందుకు దొరా?" అన్నాడు సానరాయి ఆపి. "ఇది మీ తలేగా?"

ఫ్రమారిక్ గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో అతని మనిషి త్యూదా, తలుపంత వెడల్పున, ఉల్లిపాయ కొరుకుతూ నిలబడ్డాడు.

"రాళ్లు కోసేది వీడేనా?" అడిగాడు ఫ్రమారిక్.

"వీడే దొరా."

"ఏ చేత్తో?"

సెవెరా తమ్ముడికి అడ్డంగా జరిగింది. "కుడిచేత్తో."

"వీడు మా ఇంట్లో ఉండి రాళ్లు కోస్తాడు. నువ్వు ఇక్కడ కిరీటం చెయ్యి. నలభై రోజులు. పని పూర్తయితే నీ తమ్ముడు చేతితో సహా ఇంటికొస్తాడు. ఈ కొలత సంగతి ఊళ్లో ఎవడి నోట విన్నా, చెయ్యి ముందొస్తుంది. మనిషి తర్వాత సంగతి."

నెబ్రిదోని మెడపట్టి తీసుకుపోయారు. పోతూ పోతూ కూడా వాడు వెనక్కి తిరిగి అరిచాడు. "అక్కా! ఆ సానరాయి తడిగా ఉంచు, ఎండితే పగులుతుంది!"

తలలో ఏముందిరా నీకు, అనుకుంది సెవెరా. కళ్లు తుడుచుకుంది.

* * *

మొదటి వారం ఆమె దారులు వెతికింది. రాజభవనానికి వెళ్లి చెప్పొచ్చు. ఎవరికి చెప్పాలి? కొలువులో సగంమంది ఫ్రమారిక్ ఇంట్లో విందు తిన్నవాళ్లే. మిగతా సగం తమకి పిలుపు రాలేదని ఏడుస్తున్నవాళ్లు. ఎవరికి చెప్పినా సాయంత్రానికల్లా తమ్ముడి చెయ్యి గుడ్డలో చుట్టి వస్తుంది.

పని చేసి ఇచ్చి ఊరుకోవచ్చు. అప్పుడు ఫ్రమారిక్ గెలిస్తే, కిరీటం దేవుడికి చేసింది కాదని తెలిసిన ఇద్దరినీ బతకనివ్వడు. ఓడితే రాజు మనుషులు మొదట వెతికేది కిరీటం చేసిన కంసాలినే. ఎటు చూసినా గొయ్యే. పైగా ఆ గొయ్యి తవ్వుతున్నది తాత పెట్టిన గాజుముక్కల్ని కెంపులనుకునే వెధవ.

ఆ ఆలోచనే ఆమెకి ఎక్కువ బాధ కలిగించింది. తెలివైనవాడి చేతిలో చావడం వేరు.

గద్దల్ని మూసలో వేసి కరిగించింది. బంగారాన్ని దాగలి మీద సాగగొట్టి రేకు తీసింది. కిరీటం ఎప్పుడూ రెండు అర్ధచంద్రాలుగా చేస్తారు. రెండు పక్కలా కీళ్లు. ఒక్కో కీలుకి వేళ్లలా ఒకదానిలో ఒకటి దూరే చిన్న చిన్న గొట్టాలు, ఆ గొట్టాల్లోంచి నిలువుగా ఒక సీల. సీల దిగితే కిరీటం మూసుకుంటుంది. లాగితే తెరుచుకుంటుంది.

త్యూదా రోజూ కొట్లో కాపలా కూర్చునేవాడు. తినేవాడు. పొద్దున జున్ను, మధ్యాహ్నం పందికొవ్వు వేసిన చిక్కుళ్లు, మధ్యలో ఉల్లిపాయలు. నెబ్రిదో కోసిన రాళ్లు మూటగట్టి తెచ్చేది కూడా అతనే. రాళ్లు ఒక్కటీ తప్పుగా లేవు. తమ్ముడి చెయ్యి ఇంకా క్షేమంగా ఉందని ఆమెకి రోజూ తెలిసేది వాటివల్లే.

ఇరవయ్యో రోజున త్యూదా బల్లమీదకి వంగాడు. "ఇది నిజంగా మూసుకుంటుందా?"

"చూడు." సెవెరా రెండు సగాలూ దగ్గరికి నొక్కింది.

"అమ్మా! చచ్చాను! వదులు, వదులు!"

అతని జుట్టుపాయ ఒకటి కీలు వేళ్ల మధ్య ఇరుక్కుంది. లాగినకొద్దీ బిగుసుకుంటోంది. తన జుట్టుకూడా దొర జుట్టులాగే కొవ్వు పట్టించి పెంచుకున్నాడు, నడుం దాకా కాకపోయినా భుజాల దాకా. సెవెరా అలవాటుగా కత్తెర అందుకుంది.

"వద్దు!" ఆ కొండంత మనిషి పసిపిల్లాడిలా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "కత్తెర వద్దు తల్లీ! నీకు దణ్ణం పెడతా. నెమ్మదిగా తియ్యి. ఎంతసేపైనా పర్లేదు."

"నాలుగు వెంట్రుకలయ్యా."

"నీకేం తెలుసు, రోమనుదానివి! మా మేనమామకి దొంగతనం అంటగట్టి గుండు గొరిగారు. అంతే. ఆ తర్వాత ఆయన సాక్ష్యం చెల్లలేదు, ఆయన సలహా ఎవడూ అడగలేదు. జుట్టు పోయిన గోతు మనిషే కాడు. రాజైనా అంతే! బిషప్పులంతా కూర్చుని రాశారుగా, గుండు పడ్డవాడికి సింహాసనం లేదని. నిద్రపోతుంటే గొరిగినా సరే, పట్టుకుని గొరిగినా సరే. పడిందా, ఇక మఠానికే."

సెవెరా కత్తెర కింద పెట్టింది. వేళ్లతో ఒక్కో వెంట్రుకా విడదీసింది. అరగంట పట్టింది. ఆ అరగంటా ఆమె త్యూదా తల వైపు కాకుండా ఆ కీలు వైపే చూసింది.

మర్నాడు ఆకురాయి తీసుకుని కీళ్లు మళ్లీ మొదలుపెట్టింది. మంచి కీలంటే గొట్టానికీ గొట్టానికీ మధ్య సందు ఉండకూడదు. ఆమె సందు ఉంచింది. పైవైపు గరాటులా వెడల్పు, లోపలికి పోయేకొద్దీ సన్నం. లోపలి అంచులు నున్న చేయకుండా పళ్లు పళ్లుగా వదిలేసింది. సీలని కింద సన్నంగా, పైన లావుగా తీసింది. ఒకసారి సుత్తితో దిగితే చేత్తో రాదు. వాళ్ల నాన్న ఉంటే ఆ కీలు చూసి ఆమెని కొట్లోంచి గెంటేసేవాడు.

ముప్ఫై తొమ్మిదో రోజున పనిముట్లు మూట కట్టుకుంది. సుత్తి, పటకారు, రేకు కోసే కత్తెర, మిగిలిన బంగారు రేకుముక్కలు. వాటి అడుగున, గుడ్డలో చుట్టి, కంసాలి పనికి ఎన్నడూ అక్కర్లేనిది ఒకటి పెట్టింది. గొర్రెల బొచ్చు కోసే కత్తెర.

* * *

ఫ్రమారిక్ ఇల్లు తాగుస్ నది అవతల. ఎప్పుడో రోమను సేనాపతి కట్టించుకున్న భవనం. నేలమీద రంగురాళ్లతో సముద్రదేవుడి బొమ్మ ఉంది. దేవుడి కడుపు దగ్గర మేకల్ని కట్టేశారు. చావడిలో గొర్రెపిల్లలు కాలుతున్నాయి. మిట్టమధ్యాహ్నం. నలుగురు ప్రభువులు బెంచీల మీద కూర్చుని, కొత్త రాజుకి ఎవరు ముందు మొక్కాలో, ఎవరికి ఏ రాష్ట్రం వస్తుందో గుసగుసలాడుకుంటున్నారు. వాళ్లలో పెద్దవాడు ఒప్పిలా. డెబ్బై ఏళ్లవాడు. మూడు తిరుగుబాట్లలో పొద్దున ఒక పక్కన ఉండి, సాయంత్రానికి గెలిచిన పక్కకి చేరిన మనిషి.

సెవెరాని లోపలి గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ నెబ్రిదో ఉన్నాడు. చేతులు కట్టేసి ఉన్నాయి. చిక్కిపోయాడు. అయినా ముందు కిరీటం వైపే చూశాడు.

"ఆ నీలం ఒంకరగా ఉందక్కా."

"సరిగ్గానే ఉంది. నీ మెడ ఒంకర."

ఫ్రమారిక్ కిరీటాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. కళ్లలో ఆశ పొంగింది. "బాగుంది. చాలా బాగుంది. ఇలాంటిది ఇంకెవడికీ ఉండకూడదు."

"ఎవరికీ చెయ్యం దొరా."

"చెయ్యలేరు. త్యూదా, ఇది నా తల మీద కూర్చోగానే వాడి కుడిచెయ్యి తీసెయ్."

నెబ్రిదో ముఖం సున్నం కొట్టినట్టయింది.

"మాట ఇచ్చారు దొరా," అంది సెవెరా.

"ప్రభువుగా ఇచ్చాను. రాజుగా మార్చుకుంటున్నాను. రాజు మాట మారిస్తే దాన్ని చట్టం అంటారు, తెలీదూ?"

తెలుసు, అనుకుంది సెవెరా. నాకు ఇంకో చట్టం కూడా తెలుసు. ఆమె తల వంచుకుని, భయపడిన మనిషిలా గొంతు తగ్గించింది. "అలాగే దొరా. ముందు జుట్టు ముడేసుకోండి. లేకపోతే మా రోమను గుమస్తాల్లా తలకి గుడ్డ చుట్టుకోండి. కీలు దగ్గర పట్టుకునే అవకాశం..."

"గుమస్తాల్లానా?" ఫ్రమారిక్ ఉరిమాడు. "నన్ను చూసి జనం మొక్కాల్సింది దేనికే? ఈ జుట్టుకి! ముడేసుకోవాలా? గుడ్డ చుట్టుకోవాలా? పెట్టు!"

చెప్పడం తన ధర్మం. చెప్పింది.

కిరీటాన్ని రెండు చేతుల్లా తెరిచి వెనకనుంచి అతని తల చుట్టూ తెచ్చింది. వెన్న రాసిన జుట్టు రెండు కణతల దగ్గరా కీళ్ల నోళ్లలోకి దానంతట అదే జారింది. మూసింది. సీలలు దించింది. సుత్తితో టక్, టక్.

ఫ్రమారిక్ కంచు అద్దం అందుకున్నాడు. గడ్డం ఎత్తాడు. "ఎలా ఉంది?"

"వేలాడదీసినట్టే ఉంది దొరా."

అతను రాజులా తల ఊపబోయాడు. కెవ్వున అరిచాడు. అటు తిప్పాడు, మళ్లీ అరుపు. రెండు చేతులతో కిరీటం పైకి లాగాడు. కళ్లలోంచి నీళ్లు ఉబికాయి.

"తియ్యి! తియ్యవే!"

సెవెరా పటకారుతో సీల పట్టుకుని లాగినట్టు చేసింది. "రావట్లేదు దొరా. జుట్టు గొట్టాల్లోకి పోయింది. సుత్తితో కొట్టి తీద్దామంటే పక్కనే మీ కణత."

త్యూదా సాయం పట్టాడు. దాంతో ఇంకాస్త బిగిసింది. బయట బెంచీలు కదిలిన చప్పుడు. ఒప్పిలా గొంతు. "ప్రభూ! ఏమిటా అరుపులు?"

"ఏం లేదు!" ఫ్రమారిక్ పళ్ల మధ్యనుంచి అన్నాడు. "ప్రార్థన చేసుకుంటున్నాను!"

"పోనీ అలాగే వెళ్లి మొక్కులందుకోండి దొరా," అంది సెవెరా.

"పట్టాభిషేకంలో బిషప్పు తైలం ఎక్కడ పోస్తాడే, నీ నెత్తినా? ఇది ఊడి రావాలి! ఇప్పుడే!"

"అయితే రెండే దార్లు. జుట్టు కొయ్యాలి, లేదా బంగారం కొయ్యాలి."

"జుట్టు మీద చెయ్యి వేశావో..."

"బంగారమే దొరా. కోసిందాన్ని రేపటికల్లా టంకం పెట్టి అతికిస్తాను. అతుకు మీక్కూడా కనబడదు. కానీ ఒక్కదాన్ని కొయ్యలేను. పక్కన ఇంకో కంసాలి ఉండాలి. రెండు చేతులూ ఉన్నవాడు."

ఫ్రమారిక్ తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పి నెబ్రిదో వైపు చూశాడు. "విప్పరా వాణ్ని. నువ్వు బయటికెళ్లి తలుపుకి అడ్డం నిలబడు. నన్ను ఇలా ఎవడైనా చూశాడంటే నీ కళ్లు పీకిస్తా."

త్యూదా వెళ్లాడు. సెవెరా తలుపు గడియ వేసింది.

"మోకాళ్ల మీద కూర్చోండి దొరా. తల ఈ మొద్దు మీద పెట్టండి. ముఖం గుడ్డలో. రేకు తునకలు కళ్లలో పడితే గుడ్డివాళ్లవుతారు. కదలకండి. కదిలితే చెవి పోతుంది."

రేపు రాజవ్వాల్సినవాడు గుడ్డలో మూతి పెట్టుకుని, పిర్రలు పైకెత్తి, కంసాలిదాని ముందు వంగాడు. సెవెరా మూట విప్పింది. రేకు కత్తెర, ఒక బంగారు ముక్క తమ్ముడి చేతిలో పెట్టింది. గుడ్డ తొలగించి గొర్రెల కత్తెర తాను తీసుకుంది. నెబ్రిదో దాన్ని చూశాడు, దొర తల చూశాడు, అక్క ముఖం చూశాడు. జీవితంలో మొదటిసారి నోరు తెరవకుండా ఒక విషయం అర్థం చేసుకున్నాడు.

వాడు దొర చెవి దగ్గర రేకుముక్కని కోయడం మొదలుపెట్టాడు. కర్ర్... కర్ర్... బంగారం తెగే చప్పుడు.

సెవెరా మెడ వెనకనుంచి మొదలుపెట్టింది. వెన్న రాసిన జుట్టు చప్పుడు లేకుండా తెగుతుంది. ఆ సంగతి కూడా ఆమెకి ఇప్పుడే తెలిసింది. చర్మం అంటుకుని నడి నెత్తి దాకా, అక్కడినుంచి ఎడమ కణత దాకా.

"ఎంతసేపే?"

"మందం దొరా."

"రేకా?"

"రేకే."

కర్ర్... కర్ర్... నెబ్రిదో నుదుటి మీద చెమట ముక్కు చివరకి జారింది. దాన్ని భుజానికి తుడుచుకున్నాడు కానీ కత్తెర ఆపలేదు. రేకుముక్క అయిపోవచ్చింది. ఇంకోటి అందుకున్నాడు.

"పైన చల్లగా తగులుతోంది," అన్నాడు ఫ్రమారిక్ అనుమానంగా.

"వదులవుతోంది కదా దొరా, గాలాడుతోంది."

బయట త్యూదాకీ ప్రభువులకీ వాదన ముదిరింది. ఎవరో తలుపు తట్టారు. సెవెరా కుడివైపుకి మారింది. ఇక్కడ జుట్టు ఒత్తుగా ఉంది. రెండు కోతలు, మూడు, నాలుగు. కత్తెర మొన ఒకచోట చర్మానికి తగిలింది. ఫ్రమారిక్ ఒళ్లంతా బిగిసింది.

"అది నా తల!"

"అయిపోయింది దొరా. లేవండి."

అతను లేచాడు. కిరీటం లేవలేదు. అది గడ్డివాము మీంచి జారిన గంపలా, నడుం పొడవు పచ్చటి జుట్టంతా వేలాడేసుకుని, సెవెరా చేతుల్లో ఉండిపోయింది. ఫ్రమారిక్ దాని వైపు చూశాడు. చెయ్యి నెమ్మదిగా పైకి పోయింది. అక్కడ ఏమీ తగల్లేదు. రెండో చెయ్యి కూడా పోయింది, మొదటిది పొరపాటు పడిందేమోనన్నట్టు.

అప్పటికే నెబ్రిదో గడియ తీసేశాడు.

"ప్రభువులారా!" సెవెరా గొంతెత్తి పిలిచింది. "లోపలికి దయచేయండి!"

ముందు ఒప్పిలా వచ్చాడు. వెనక ముగ్గురు. వాళ్ల వెనక త్యూదా. ఒప్పిలా ముసలి కళ్లు గుండు మీద ఒకసారి ఆగాయి. కిరీటం, దానికి వేలాడే జుట్టు, మళ్లీ గుండు. లెక్క వేసుకోవడానికి ఆయనకి ఊపిరి తీసుకునేంతసేపు కూడా పట్టలేదు. యాభై ఏళ్ల అలవాటు.

"ఆహా!" అంటూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. "మన ఫ్రమారిక్ సన్యాసం పుచ్చుకున్నాడు! ఇంత భక్తి మనసులో దాచుకున్నవాడు మనలో ఇంకొకడున్నాడా?"

మిగతా ముగ్గురూ ఒకరి వెనక ఒకరు శిలువ గుర్తు వేసుకున్నారు. "మేము కిరీటం సమర్పణ చూడ్డానికే వచ్చాం," అన్నాడొకడు. "అందుకే, అందుకే," అన్నారు మిగతా ఇద్దరు.

"కోసింది అదిరా!" ఫ్రమారిక్ గావుకేక పెట్టాడు. "ఆ కంసాలిది! చంపండి దాన్ని! త్యూదా!"

"నువ్వు ఎవరి మనిషివి నాయనా?" అని ఒప్పిలా మెత్తగా అడిగాడు.

త్యూదా గుండు వైపు చూశాడు. మేనమామ గుర్తొచ్చినట్టుంది. "ఇందాకటిదాకా ఈయన మనిషినే దొరా."

"తెలివైనవాడివి." ఒప్పిలా సెవెరా వైపు తిరిగాడు. ఆ కళ్లలో ఇప్పుడు తడి లేదు. "ఏమ్మా, ఈ కిరీటం ఎందుకు చేశావు?"

"బలిపీఠం పైన వేలాడదీయడానికి దొరా."

"కొలత ఎవరిచ్చారు?"

"వేలాడే కిరీటానికి కొలతేముంది దొరా. కింద నుంచి చూడ్డానికి నిండుగా ఉండాలి, అంతే."

నలుగురు ప్రభువుల ఊపిరీ ఒక్కసారి బయటికొచ్చింది. పొద్దున రాజద్రోహులుగా వచ్చినవాళ్లు మధ్యాహ్నానికి చర్చి దాతలైపోయారు. వాళ్లు సిగ్గుపడతారేమోనని సెవెరా ఒక క్షణం చూసింది. లేదు. ఒకడు అప్పటికే చావడిలోకి తొంగిచూసి, గొర్రెమాంసం మాడిపోతోందని వంటవాణ్ని తిడుతున్నాడు.

ఫ్రమారిక్‌కి ముతక అంగీ తొడిగి, కంచరగాడిద మీద కూర్చోబెట్టి, కొండమీది మఠానికి పంపారు. అతను దారిపొడవునా తన పేరు, తన తండ్రి పేరు, తాత పేరు అరుస్తూనే పోయాడు. త్యూదాయే కళ్లెం పట్టుకుని నడిచాడు. ప్రభువులు నలుగురూ పట్టాభిషేకం విందు పూర్తిగా తిన్నాకే కదిలారు.

* * *

వంతెన దాటి కొట్టుకి వచ్చేదాకా నెబ్రిదో కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకునే నడిచాడు. కొట్లో అడుగుపెట్టగానే సానరాయి మీద వేలు రాసి చూశాడు. తడిగానే ఉంది. అప్పుడు వాడికి ప్రాణం వచ్చింది.

కిరీటం బల్లమీద పెట్టుకుని, చిన్న పటకారుతో కీళ్లలోంచి వెంట్రుకలు లాగడం మొదలుపెట్టాడు. గొలుసులు తగిలించి ఆదివారానికి చర్చిలో ఇవ్వాలి.

"ఛీ! ఇదేం కీలక్కా? సందులో కుక్క దూరుతుంది. ఈ అంచులేంటి, ఎలకలు కొరికినట్టు? నేను నలభై రోజులు లేకపోతే ఇంతేనా పనితనం?"

"చేసిందెందుకో తెలుసుగా."

"ఎందుకైతే ఏంటి? పైన వేలాడుతుంది, ఊరంతా చూస్తుంది. మన కొట్టు పని అంటారు. ఎవరి తల బిగిసిందో వాళ్లకేం తెలుసు?" కీలు విప్పి కుంపటి రాజేశాడు. ఆకురాయి అందుకున్నాడు. "ఇంకెప్పుడూ నా కీళ్ల మీద చెయ్యి వెయ్యకు. నీకు రేకు సాగగొట్టడమే వచ్చు. అది కూడా అంతంతమాత్రం."

సెవెరా గోడకి ఆనుకుని కూర్చుంది. మామూలుగా అయితే ఈ మాటకి సుత్తి విసిరేది. ఆ సాయంత్రమంతా వాడు తిడుతూనే ఉన్నాడు, కుడిచెయ్యి ఆకురాయి మీద ముందుకీ వెనక్కీ ఆడుతూనే ఉంది. ఆమె ఆ చేతినే చూస్తూ కూర్చుంది.